మిద్దె ఎక్కే మనిషి

పిల్లలూ,

పోయిన నెల నాకు వచ్చిన ఉత్తరాలలో ఒకటి ధర్మవరం నుంచి వచ్చింది. రాసింది ఆరవ తరగతి చదివే ఒక అమ్మాయి. ఆమె రెండు ప్రశ్నలు అడిగింది.

"సారూ, మా పాత ఇల్లు పడగొట్టి కొత్తది కట్టబోతున్నారు. మాకందరికీ సంతోషంగా ఉంది. మా అవ్వ మాత్రం మగ్గం గుంట దగ్గర కూర్చుని ఏడుస్తున్నది. కొత్త ఇల్లు వస్తుంటే ఏడవటం ఎందుకు? ఇది మొదటి ప్రశ్న. రెండవది: మనుషులకు ఇంటిపేరు ఉంటుంది గదా, మరి మా ఇంటికి పేరేమీ లేదే! ఇంటిపేరు అని ఎందుకంటారు?"

మొదటి ప్రశ్న కష్టమైనది. అందుచేత రెండవదానితో మొదలుపెడతాను. లెక్కల పరీక్షలో మీరు చేసే పనే నేనూ చేస్తున్నాను.

మన తెలుగువాళ్ల ఇంటిపేర్లలో చాలా భాగం ఊళ్ల పేర్లే. ఒక కుటుంబం తరతరాలుగా ఒక ఊళ్లో ఉంటుంది. తరువాత కరువు వచ్చో, కొలువు దొరికో మరొక ఊరికి తరలిపోతుంది. ఆ కొత్త ఊళ్లో, "వీళ్లెవరు?" అని ఎవరైనా అడిగితే, "ఫలానా ఊరివాళ్లు" అని చెపుతారు. ఆ మాటే స్థిరపడిపోతుంది. ఇల్లు వెనుక ఉండిపోతుంది, దాని గుర్తు మాత్రం పేరుకు ముందు చేరి మనతో నడిచి వస్తుంది.

మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి పేరు మీకు తెలుసు. మైసూరు దగ్గర కృష్ణరాజసాగరం ఆనకట్టకు ముఖ్య కారకుడు ఆయనే. 1908లో మూసీనది పొంగి హైదరాబాదు నగరాన్ని ముంచినప్పుడు, మళ్లీ అటువంటి ముప్పు రాకుండా ఏం చేయాలో చెప్పిన ఇంజనీరూ ఆయనే. ఆయన పుట్టినరోజైన సెప్టెంబరు 15న మనదేశంలో ఇంజనీర్ల దినోత్సవం జరుపుకుంటాము. మరి ఈ మోక్షగుండం ఎక్కడ ఉంది? మన గిద్దలూరు ప్రాంతంలో ఉంది. ఆయన పూర్వులు అక్కడివారు. ఎన్నో తరాల క్రిందట వారు మైసూరు రాజ్యానికి వలసపోయారు. ఆయన పుట్టింది కర్ణాటకలో, నంది కొండల దగ్గర ఉన్న ముద్దేనహళ్లి అనే పల్లెలో. మోక్షగుండంలో ఆయన పుట్టలేదు, పెరగలేదు. అయినా ఆ ఊరి పేరు మోసుకొని దేశమంతా తిరిగాడు.

మా కొత్తచెరువు నుంచి ముద్దేనహళ్లి ఒక పూట ప్రయాణం. పెనుకొండ, హిందూపురం, గౌరీబిదనూరు దాటి పోవాలి. ఆయన పుట్టిన ఇంటిని అక్కడ భద్రంగా నిలిపారు. ఆయన పేరిట ఏర్పడిన స్మారక ట్రస్టు దానిని చూచుకొంటున్నది. ఆయన వాడిన వస్తువులూ, ఆయనకు వచ్చిన పతకాలూ అక్కడ చూడవచ్చు. 1955లో ఆయనకు భారతరత్న బిరుదు వచ్చింది. నూరేళ్లు నిండిన తరువాత, 1962లో ఆయన కన్నుమూశాడు. ఆయన సమాధి కూడ ఆ పల్లెలోనే ఉన్నది. అంత పెద్ద ఆనకట్ట కట్టించినవాడు ఇంత చిన్న ఇంట్లో పుట్టాడా అని ఆశ్చర్యపోతాము. ఆ ఇల్లు నిలిచి ఉండబట్టి గదా, మనకు ఆ ఆశ్చర్యమైనా దక్కింది!

ఇక్కడ మీకొక సందేహం రావాలి. "సారూ, ఆయన గొప్పవాడు కాబట్టి ఆయన ఇంటికి ట్రస్టు ఏర్పడింది. మా ఇంటికెవరున్నారు?"

సరియైన సందేహమే. లేపాక్షి గుడిని కేంద్ర ప్రభుత్వపు పురావస్తుశాఖ కాపాడుతున్నది. దేశం మొత్తం మీద ఆ విధంగా కేంద్రం రక్షణలో ఉన్న కట్టడాలు, స్థలాలు సుమారు 3,700. మన దేశంలో ఊళ్లు ఆరు లక్షలకు పైగా ఉన్నాయి. భాగించి చూడండి. సుమారు 160 ఊళ్లకు ఒక్కటి! రాష్ట్ర ప్రభుత్వాలు కాపాడేవి మరికొన్ని కలిపినా, మీ అవ్వ ఇంటి వంతు ఎప్పటికీ రాదు. కాబట్టి అటువంటి ఇళ్లకు దిక్కు ఆ ఇంటివాళ్లే. ఈ సంగతి నేను పుస్తకంలో చదివి తెలుసుకోలేదు. తప్పుచేసి తెలుసుకున్నాను. ఆ తప్పేమిటో చెపుతాను.

దానికి ముందు మా ప్రాంతపు మిద్దె ఎటువంటిదో మీరు తెలుసుకోవాలి. ఈ కాలపు పిల్లలు చాలామంది దానిని చూచి ఉండరు.

మా ముత్తాత కట్టిన ఇంటికి రాతిగోడలు. రాళ్ల మధ్య బంకమట్టి. గోడల మీద పెద్ద దూలాలు, దూలాల మీద అడ్డంగా దంతెలు, దంతెల మీద సన్నని కట్టెలు దగ్గర దగ్గరగా పేర్చి, ఆపైన ఆకు పరచి, మట్టి పోసి, గట్టిపడేదాకా దిమ్మిసతో కొట్టారు. అన్నింటికీ పైన చౌడు మట్టి. మధ్యలో వెలుతురు కోసం ఒక గవాక్షి. వేసవిలో బయట నిప్పులు చెరిగే ఎండ ఉన్నా, లోపల పడసాలలో చాప పరచుకొని పడుకుంటే చల్లగా ఉండేది. మందమైన మట్టి పగటి వేడిని లోపలికి త్వరగా రానివ్వదు.

మట్టికప్పు వానకు కరగదా అంటారేమో! అందుకే చౌడు. చౌడులో సోడియం లవణాలు హెచ్చుగా ఉంటాయి. మామూలు మట్టిలో రేణువులు చిన్న చిన్న గడ్డలుగా అంటుకొని ఉంటాయి. గడ్డల మధ్య ఉండే సందుల గుండా నీరు దిగుతుంది. చౌడు తడిసినప్పుడు అందులోని సన్నని రేణువులు ఒకదానినుంచి ఒకటి విడిపోయి, ఆ సందులన్నింటిలో కూరుకుపోతాయి. ఇక నీరు క్రిందికి దిగటానికి దారి ఉండదు, వాలు వెంట జారి బయటికి పోతుంది. చౌడు నేలలో పైరు ఎదగకపోవటానికి ఒక ముఖ్య కారణం ఇదే. పైరుకు చేటు చేసే గుణం మిద్దెకు మేలు చేసింది! మన పెద్దలు సోడియం అనే మాట వినలేదు. అయినా ఏ మట్టి పొలానికి పనికిరాదో, ఏ మట్టి మిద్దెకు పనికివస్తుందో వారికి బాగా తెలుసు.

కాని మిద్దెకు ఒక నియమమున్నది. ఏటేటా వానలు రాకముందే ఎవరో ఒకరు పైకి ఎక్కాలి. మొలిచిన గడ్డి పెరికి, ఎలుక బొరియలు పూడ్చి, వదులైన పాత పొరను గీకి పారవేసి, కొత్త చౌడు పలుచగా పరవాలి. పాతదానిని గీకకుండా ఊరికే కొత్తది పోస్తే ఏమవుతుంది? లెక్క వేయండి. పడసాల ఇరవై అడుగుల పొడవు, పదిహేను అడుగుల వెడల్పు అనుకోండి. దాని మీద ఒక్క అంగుళం మందాన మట్టి పోస్తే ఇరవైఐదు ఘనపుటడుగులు అవుతుంది. దాని బరువు ఒక టన్నుకు పైమాటే. తడిస్తే ఇంకా ఎక్కువ. నాలుగేండ్లు ఈ విధంగా చేస్తే దూలం మీద నాలుగు టన్నులు అదనంగా చేరుతుంది.

ఇప్పుడు నా కథ.

మా ముత్తాతకు నలుగురు కొడుకులు. ఇల్లు నాలుగు భాగాలయింది, తరువాత అవి మళ్లీ భాగాలయ్యాయి. చదువులకని, ఉద్యోగాలకని మేము తలా ఒక ఊరు చేరాము. ఇంట్లో మిగిలినది మా చిన్నాయన ఒక్కడే. 2005 వేసవిలో, నేను వేరే ఊళ్లో పని చేస్తుండగా, ఆయన వద్దనుంచి ఉత్తరం వచ్చింది. "నాయనా, వానలు రాకముందే మిద్దె గీకించి చౌడు పోయించాల. నాకు ఎక్కేదానికి చేతకాదు. కూలీలకు నీ భాగం పంపు."

ఆ ఉత్తరాన్ని హాజరు పట్టీలో పెట్టుకున్నాను. రేపు పంపుదాం అనుకున్నాను. బడులు తెరిచే హడావుడిలో ఆ రేపు రాలేదు. మా అన్నదమ్ములకూ అటువంటి ఉత్తరాలే వెళ్లాయి. "అన్న పంపితే నేనూ పంపుతా" అని ఒకడు, "అక్కడ ఉండేది చిన్నాయన గదా, ఆయనే చూసుకుంటాడు" అని మరొకడు, ఎవరూ పంపలేదు. చిన్నాయన తన వద్ద ఉన్న కొద్ది డబ్బుతో ఒక కూలీని పెట్టాడు. ఒక్క మనిషి ఎంతని చేయగలడు? పాతది గీకకుండానే పైన కొత్తది పోసి వెళ్లిపోయాడు. అంతకు ముందు రెండేండ్లు జరిగినదీ అదేనట.

ఆ యేడు అక్టోబరులో రెండు రాత్రులు విడవకుండా వాన పడింది. రెండవ రాత్రి తెల్లవారుజామున పడసాల దూలం విరిగింది. కప్పు మొత్తం క్రిందికి దిగిపోయింది. చిన్నాయన ఆ రాత్రి వంటింట్లో పొయ్యి దగ్గర వెచ్చగా ఉంటుందని అక్కడ పడుకున్నాడు. కాబట్టి బతికాడు.

నేను వెళ్లేసరికి ఆయన మట్టికుప్ప మీద కూర్చుని ఉన్నాడు. నన్ను ఒక్క మాట కూడా అనలేదు. "పెట్టె తీయండిరా" అన్నాడు, అంతే. పడసాలలో ఒక కొయ్యపెట్టె ఉండేది. మా తాత అందులో ఒక లావుపాటి పుస్తకం దాచాడు. మా వంశంలో ఎవరికి ఎవరు పుట్టారో, ఏ యేట చెరువు నిండిందో, ఏ యేట ఎండిందో, ఏ బావిలో ఎవరికి ఎన్నాళ్ల నీటివంతో అందులో రాసి ఉండేవాడు. మట్టి తవ్వి పెట్టె పైకి తీశాము. పుస్తకం ముద్ద అయిపోయింది. ఒక్క పుట కూడా విడిరాలేదు.

పిల్లలకు పానిపట్టు యుద్ధాల తేదీలు ఎన్నో ఏండ్లు చెప్పినవాణ్ణి నేను. ఆ సాయంత్రం మా అమ్మాయి, "నాయనా, మీ తాతవాళ్ల అమ్మ పేరేమిటి?" అని అడిగితే నోరు మెదపలేకపోయాను. ఇప్పటికీ నాకు ఆ పేరు తెలియదు. తెలిసినవాళ్లు ఎవరూ మిగలలేదు.

ఆ రోజులలోనే మా బడిలో చదివి అమెరికా చేరిన ఒక శిష్యుడు సెలవులకు వచ్చి నన్ను చూడవచ్చాడు. నా సంగతి విని, తాను ఉండే బాస్టన్ నగరానికి దగ్గరలో డెడ్‌హామ్ అనే ఊళ్లో ఉన్న ఒక ఇంటి కథ చెప్పాడు.

ఆ ఇల్లు జోనథన్ ఫెయిర్‌బ్యాంక్స్ అనే అతనిది. అతడు రాజూ కాదు, పెద్ద పండితుడూ కాదు. ఇంగ్లండు నుంచి భార్యాబిడ్డలతో వలస వచ్చిన మామూలు మనిషి. అతని కొయ్య ఇంట్లో ఎనిమిది తరాలవాళ్లు వరుసగా కాపురముండినారు. చివరకు ఇల్లు నిలుస్తుందో పోతుందో అన్న కాలం వచ్చింది. అప్పుడు దేశం నలుమూలలా చెదరిపోయి ఉన్న వంశీకులు ఒక సంఘంగా కూడారు. 1904 నుండి ఆ ఇల్లు ఆ కుటుంబసంఘం చేతిలోనే ఉన్నది. తలా కొంత చందా వేసుకొని బాగుచేయించుకొంటారు, చూడవచ్చినవారికి చూపిస్తారు.

ఆ ఇల్లు ఎంత పాతదో ఎట్లా తెలిసిందో చెపితే మీకు వేడుకగా ఉంటుంది. దూలాలే చెప్పాయి! అక్కడ చెట్టు మానులో ఏడాదికొక వలయం ఏర్పడుతుంది. బాగా పెరిగిన యేడు వలయం వెడల్పుగా, కష్టకాలంలో సన్నగా ఉంటుంది. ఈ వెడల్పు సన్నాల వరుస ఒక ప్రాంతపు చెట్లన్నింటిలో దాదాపు ఒకే తీరుగా ఉంటుంది. కాలం తెలిసిన మానులోని వరుసతో దూలంలోని వరుసను పోల్చి చూచి, ఆ చెట్టును ఏ సంవత్సరంలో నరికారో శాస్త్రజ్ఞులు చెప్పగలరు. ఆ విధంగా ఆ ఇల్లు 1637, 1641 మధ్య కట్టినదని తేలింది. ఉత్తర అమెరికాలో ఇప్పటికీ నిలిచి ఉన్న కొయ్యచట్రపు ఇళ్లలో అదే అన్నిటికన్నా పాతదంటారు. మన విజయనగర రాజులు పెనుకొండ విడిచి చంద్రగిరికి రాజధాని మార్చుకొన్న తరువాత కొన్ని పదుల ఏండ్లకు కట్టిన ఇల్లన్నమాట. రాతితో కట్టిన మహళ్లు ఎన్నో కూలిపోగా, ఆ కొయ్య ఇల్లు ఎట్లా నిలిచింది? ఏటేటా దాని బాగోగులు చూచేందుకు ఎవరో ఒకరు ఉండటం వల్లనే నిలిచింది.

ఈ కథ నా మనసులో నాటుకున్నది. తరువాతి ఉగాదికి, అంటే 2006లో, మా వాళ్లందరికీ కబురు పెట్టాను. తొమ్మిది ఇళ్లవాళ్లు వచ్చారు. చింతచెట్టు క్రింద కూర్చున్నాము. మొదట పోట్లాట అయింది. "పడగొట్టి స్థలం అమ్మి పంచుకుందాం" అని కొందరు, "సిమెంటు వేసేద్దాం" అని కొందరు. మట్టితో కట్టిన గోడకు సిమెంటు పూస్తే లోపలి చెమ్మ బయటికి పోలేక గోడ క్రమంగా చెడుతుందని ఊరి ముసలి మేస్త్రి ఒకాయన నచ్చజెప్పాడు. అంతవరకు మాట్లాడకుండా ఉన్న చిన్నాయన అప్పుడన్నాడు: "మీకు ఇల్లు వద్దంటే వద్దులే. ఏడాదికొక్క రోజు కలిసేదానికి మీకు ఇంకొక చోటు ఏదైనా ఉంటే చెప్పండి." ఎవరమూ చెప్పలేకపోయాము.

ఆ సాయంకాలం ఒక తెల్లకాగితం మీద నాలుగు మాటలు రాసుకొన్నాము. ఒకటి: ఎవరి భాగం వాళ్లదే, కాని మిగతావారిని అడగకుండా ఎవరూ అమ్మరాదు. రెండు: ఇంటికింత అని ఉగాదినాడు చందా ఇవ్వాలి, లెక్క అందరి ఎదుట చదవాలి. మూడు: ప్రతి వేసవిలోను మిద్దె ఎక్కాలి, ఎక్కేటప్పుడు తెలిసిన పెద్దవాడొకడు, తెలియని చిన్నవాడొకడు కలిసి ఎక్కాలి. నాలుగు: వంశవృక్షం మళ్లీ రాయాలి, అందులో ఆడపిల్లల పేర్లూ ఉండాలి.

నాలుగవ మాట మా అమ్మాయి పెట్టించింది. వెనుకటి వంశవృక్షాలలో కొడుకుల పేర్లే రాసేవారు. పెండ్లి అయి వెళ్లిన ఆడబిడ్డ పేరు, ఇంటికి వచ్చిన కోడలి పేరు తరచు ఉండేవి కావు. 1986లో మన రాష్ట్రం చేసిన చట్టం, తరువాత 2005లో దేశమంతటికీ వచ్చిన చట్టం, హిందూ ఉమ్మడి కుటుంబపు ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానమైన హక్కు ఇచ్చాయి. ఆస్తిలో పేరున్నప్పుడు చెట్టు కొమ్మ మీద ఎందుకు ఉండకూడదు?

గట్టిగా ఉన్న పాత దంతెలనే వాడి పడసాల కప్పు మళ్లీ వేశాము. దూలం ఒక్కటే కొత్తది. చిన్నాయన మరి ఆరేండ్లు ఆ పడసాలలోనే పడుకున్నాడు. ఇప్పుడాయన లేడు. చిన్నవాళ్లతో మిద్దె ఎక్కే పెద్దవాణ్ణి నేనే. మోకాళ్లు నొప్పి పెడతాయి, అయినా ఎక్కుతాను. వంశవృక్షం రాసిన కొత్త పుస్తకంలో మొదటి పుటలో, మా తాత తల్లి పేరుండవలసిన చోట, ఒక ఖాళీ గడి ఉంచాము. పిల్లలు "ఇదేమిటి?" అని అడిగినప్పుడల్లా ఆ ఉత్తరం కథ చెప్పుతాను.

ఇక, ధర్మవరం అమ్మాయీ, నీ మొదటి ప్రశ్న. మీ అవ్వ కొత్త ఇల్లు వద్దని ఏడవటం లేదమ్మా. ఆ మగ్గం గుంటలో కాళ్లు పెట్టి కూర్చుని ఎన్ని చీరలు నేసిందో, ఆ గుంట ప్రక్కన ఉయ్యాల కట్టి ఎంతమంది బిడ్డలను పెంచిందో ఆమెకు తెలుసు. ఆ గుంట పూడిస్తే అవన్నీ అడిగేవాళ్లు ఉండరని ఆమె దిగులై ఉంటుంది. కారే ఇంట్లో ఉండమని మీ నాయనకు నేను చెప్పను. ఇరుకు, చెమ్మ, తేళ్లు, ఆ కష్టాలు ఉన్నవాళ్లకే తెలుస్తాయి. పడగొట్టక తప్పకపోతే పడగొట్టండి. కాని ముందు ఒక వారం రోజులు ఆగమని అడుగు. ఆ వారంలో నీవు చేయవలసిన పనులున్నాయి.

టేపు తీసుకొని ప్రతి గది పొడవు వెడల్పులు కొలిచి, కాగితం మీద పటం గీయి. అవ్వను చేయి పట్టుకొని గది గదికీ తీసుకొనిపోయి, "ఇక్కడేం జరిగింది?" అని అడుగు. ఆమె చెప్పిన మాటలు చెప్పినట్లే రాసుకో. తలుపు, ద్వారబంధం బాగుంటే కొత్త ఇంటికి పెట్టించమని మీ నాయనను బతిమాలు. అన్నింటికన్నా ముందు అవ్వ పేరు, ఆమె అమ్మ పేరు, ఆమె అవ్వ పేరు అడిగి రాసుకో. ఆ చివరి పేరు మీ ఇంట్లో ఇప్పుడు ఆమెకొక్కదానికే తెలిసి ఉండవచ్చు.

మిగతా పిల్లలకు ఈ నెల పని రెండు భాగాలు. మొదటిది: మీ అమ్మవైపు, నాయనవైపు నాలుగేసి తరాల ఆడవాళ్ల పేర్లు సేకరించండి. రెండవది, ప్రయోగం: అడుగున చిల్లులు పెట్టిన రెండు డబ్బాలు తీసుకోండి. ఒకదానిలో పొలం మట్టి, రెండవదానిలో చౌడు మట్టి సమానంగా నింపి, తట్టి గట్టిపరచండి. రెండింటిలోను ఒక్కొక్క గ్లాసు నీరు పోసి, ఏ డబ్బా క్రింద ఎంతసేపటికి చుక్క పడుతుందో గడియారం చూచి రాసి పంపండి. చౌడు ఎక్కడ దొరుకుతుందో తెలియకపోతే ఊళ్లోని పెద్దవాళ్లను అడగండి. ఆ అడగటం కూడా ఈ ప్రయోగంలో భాగమే.

మీ ఉత్తరాల కోసం చూస్తుంటాను. నేనైతే ఇప్పుడు ఏ ఉత్తరాన్నీ హాజరు పట్టీలో పెట్టుకోవటం లేదు.